కలుపు పనిముట్టుకు కొలత ఎవరిది?

ప్రతి ఏటా మన పరిశోధన క్షేత్రాల్లో కొత్త పనిముట్లు పరీక్షకు నిలుస్తాయి. క్షేత్ర సామర్థ్యం, కలుపు నివారణ శాతం, హెక్టారుకు అయ్యే ఖర్చు పట్టికల్లోకి ఎక్కుతాయి. ఫలితాలు సాధారణంగా అనుకూలంగానే ఉంటాయి. కొన్నేళ్ల తరువాత మర్రిగూడ మండలపు చెల్కల్లో వాటి కోసం వెదికితే మాత్రం చాలావాటి జాడ ఉండదు. దీనికి 'స్వీకరణ లోపం' అని పేరు పెట్టి విస్తరణ విభాగానికి అప్పగించడం మనకు అలవాటైంది. నా దృష్టిలో లోపం స్వీకరణలో లేదు. మొదటి గీత గీయడానికి ముందు చేయవలసిన పని చేయకపోవడంలో ఉంది.

దీనికి ఉదాహరణ మర్రిగూడకు చేరువలోనే ఉంది. మాడ్గుల మండలంలోని అవురుపల్లిలో ఇక్రిశాట్ 1975 నుంచి గ్రామస్థాయి అధ్యయనాలు జరిపింది. ఏ ఇంట ఎన్ని ఎడ్లున్నాయి, ఏ పనికి ఎందరు కూలీలు పట్టారు అన్న లెక్కలు ఇంటింటా సేకరించింది. అదే దశకంలో అదే సంస్థ ఎడ్లతో నడిచే చక్రాల పరికర వాహకాన్ని, అంటే దున్నడానికి, విత్తడానికి, కలుపు తీయడానికి, బండిగానూ పనికివచ్చే ట్రాపికల్టర్‌ను, ప్రోత్సహించింది. అయితే ఇంటింటి లెక్కలు పోగుపడే నాటికే దాని మౌలిక రూపం ఫ్రెంచి ఇంజినీరు జాన్ నోల్ చేతిలో, ఆఫ్రికా అనుభవంతో స్థిరపడి ఉంది. ఇక్కడ దానిని ప్రధానంగా నల్లరేగడిలో వెడల్పు మళ్లు, కాలువల సాగు పద్ధతికి జతచేశారు. ఎర్ర చెల్కలో సొంత జోడెడ్లు కూడా లేని కుటుంబానికి ఆ బరువు, ఆ ధర ఎలా సరిపోతాయి? గొర్రు, గుంటక, నాగలి విడివిడిగా ఉంటే ఒకదానిని పొరుగువారికి ఎరువివ్వవచ్చు, ఊరి కమ్మరితో సరిచేయించుకోవచ్చు. అన్నీ ఒకే చట్రానికి బిగిస్తే ఆ సౌలభ్యం పోతుంది. ఈ తరహా వాహకాలపై 1988లో పాల్ స్టార్కీ వెలువరించిన గ్రంథం పేరుకే 'పరిపూర్ణం, అయినా తిరస్కృతం' అన్న అర్థం వస్తుంది. అనేక దేశాల్లో అవి చివరకు బండిగానే మిగిలాయని ఆయన తేల్చారు. యంత్రంగా అది బాగా తయారైన వస్తువే. అడిగిన ప్రశ్నే వేరు.

పరిశ్రమల్లో ఈ ప్రశ్నను ముందే అడిగించే సాధనాలు చాలాకాలంగా ఉన్నాయి. జపాన్‌లో యోజి అకావో రూపొందించగా, 1972లో మిత్సుబిషి వారి కోబే నౌకా నిర్మాణ కేంద్రంలో అమలైన క్వాలిటీ ఫంక్షన్ డిప్లాయ్‌మెంట్ వాటిలో ఒకటి. పేరు బరువే గాని పని సులువు. పట్టికలో ఎడమవైపు వాడుకరి మాటలు అతని భాషలోనే రాయాలి, పైన ఇంజినీరు కొలతలు రాయాలి. 'మన్ను అతుక్కోవద్దు' అన్న మాటకు ఎదురుగా బ్లేడు కోణం వస్తుంది. 'గట్టు మీంచి ఒక్కరే ఎత్తి దాటించాలి' అంటే బరువు, 'ఊళ్లోనే వెల్డింగ్ కావాలి' అంటే లోహం, బోల్టు సైజు. 'పదును పోయేలోగా చేను తిరగాలి' అన్నది అన్నిటికన్నా కఠినమైన షరతు. తడిసినప్పుడు మెత్తబడి, ఆరగానే బిగిసే చెల్కలో పని దొరికే రోజులు కొన్నే. గంటకు ఎంత విస్తీర్ణం అన్న మన అంకె ఆ కొన్ని రోజులతో ముడిపడకపోతే దానికి అర్థం లేదు.

రెండవ సాధనం బ్రిటిష్ ఇంజినీరు స్టువార్ట్ ప్యూ పేరు మీద వ్యవహరించే పోలిక పట్టిక. అందులో ప్రతి కొత్త ఆలోచనను ఒక ప్రమాణ వస్తువుతో పోల్చి మెరుగా, సమానమా, తక్కువా అని గుర్తిస్తారు. కీలకం ఆ ప్రమాణాన్ని ఎంచుకోవడంలో ఉంది. మన వ్యాసాల్లో పోలిక తరచుగా చేతితో కలుపు తీయడంతోనే ఉంటుంది. దాని ముందు ఏ పరికరమైనా గెలుస్తుంది. పత్తి రైతు మనసులో పోలిక మాత్రం అద్దెకు దొరికే జోడెడ్ల గుంటకతో, పవర్ వీడర్‌తో, కలుపు మందు డబ్బాతో. ఆ మూడింటి పక్కన నిలబెట్టని పరికరానికి సిఫారసు రాయడం నాకు సమ్మతం కాదు.

మర్రిగూడ విషయంలో మరొక కొలత ఉంది, అది మనిషి శరీరానిది. భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ వ్యవసాయ కార్మికుల 79 శరీర కొలతలను ప్రచురించింది. పిడి ఎత్తు, పట్టు మందం నిర్ణయించడానికి అవి ఎంతో విలువైనవి. కాని ఈ మండలంలో దశాబ్దాలు ఫ్లోరైడ్ బోరు నీరు తాగి మెడ, వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయినవారు ఉన్నారు. మిషన్ భగీరథతో కృష్ణా నీరు వచ్చినా, వంగిపోయిన ఎముక తిరిగి సరికాదు. వారిలో పొలం పని మానలేనివారూ ఉన్నారు. ఆరోగ్యవంతుల సగటుకు తగిన పిడిని వారు పట్టుకోలేరు. ఎత్తు మార్చుకొనే పిడి, నెట్టడానికి బదులు లాగే అమరిక వంటివి ఇక్కడ అదనపు హంగులు కావు. వాటిని మొదటి షరతులుగానే రాసుకోవాలి.

షరతును దగ్గరగా చూసినవారు ఏం సాధించగలరో ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే చూశాం. ఆలేరు ప్రాంతపు శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేవారు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించాలి. ఆమె భుజం నొప్పే ఆయనకు రూపకల్పన షరతు. 1992లో మొదలుపెట్టిన యంత్రం 1999లో పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. పురస్కారం కన్నా ఆ ఏడేళ్లు నాకు ముఖ్యం. ఒక్కొక్క కదలికను సాధించి, తరువాతి దాని దగ్గర ఆగి, మళ్లీ మొదలుపెట్టారు. మన పరిశోధన పథకాల్లో అలా ఆగడానికి చోటు ఉందా? విఫలమైన నమూనాకు సిద్ధాంత గ్రంథంలో ఒక్క పుట కూడా దక్కదు.

పై పట్టికలు నింపితే చాలదన్న వాదన సబబే. కొలతలెరుగని విద్యార్థి గదిలో కూర్చొని రైతు మాటలు తానే ఊహించి రాస్తే, అది మరొక అలంకార పట్టిక అవుతుంది. అందుకే పనిముట్ల రూపకల్పన చేపట్టే స్నాతకోత్తర విద్యార్థి మొదటి వానాకాలం నమూనా చేయకుండా, కలుపు తీసే మహిళలతో చేలో గడపాలని నా ప్రతిపాదన. ఆ తరువాత కర్రతో, పాత ఇనుముతో చేసిన ముతక నమూనాలు మూడు నాలుగు వారి చేతికే ఇవ్వాలి. వద్దన్న దానిని ఎందుకు వద్దన్నారో వారి మాటల్లోనే రాయాలి. ఆ రోజులకు వారికి పూర్తి కూలి చెల్లించి, దానిని పరిశోధన వ్యయంలోనే చూపాలి.