రెల్లుగడ్డి, రొయ్యపిల్ల



బోధన్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, ఆ వైపు పెద్దలు చెరకు సంగతులు మరువలేదు. ఒకే రకపు గడను ముచ్చెలుగా నరికి నాటినయెడల చేనంతటికి ఒకే గుణము. తీపి ఒకటే, ఎర్రకుళ్లు తెగులునకు లొంగు బలహీనతయు ఒకటే. అందుచేత తెగులు వచ్చినప్పుడు చేనుకు చేనే పోవును.

1912లో కోయంబత్తూరులో ఏర్పడిన చెరకు పరిశోధన కేంద్రమువారు గట్టి చెరకు కొరకు ఎక్కడ వెదకిరో చూడుడి. వాగుల వెంట ఎవరును నాటకయే మొలచు రెల్లుజాతి గడ్డిలో! దానిని తీపి చెరకుతో సంకరపరచగా 1918లో కో 205 అను రకము బయటికి వచ్చెను.

సముద్రములోని రొయ్యల విషయమును ఇట్టిదే. కందకుర్తి యొద్ద మన జిల్లాలో ప్రవేశించు గోదావరి, కోరింగ మడ అడవుల దాపున సముద్రమును కలియును. అట్టి ఉప్పునీటి పాయలలో టైగర్ రొయ్య పిల్లలు పెరిగి మరల సముద్రమునకు పోవును. చూచుటకు అన్నియు ఒక్కటే. కాని వాటి జన్యువులు, అనగా తల్లిదండ్రులనుండి వచ్చు గుణములు, వేరువేరు. ఒకటి ఉప్పు తగ్గినను ఓర్చుకొనవచ్చును, మరియొకటి వేడికి తాళవచ్చును. కాలము మారినప్పుడు కొన్నియైనను మిగులుటకు ఈ భేదమే ఆధారము.

హేచరీలో ఒక్క తల్లియే లక్షల గ్రుడ్లు పెట్టును. కనుక కొద్ది తల్లులతోనే పని జరిగిపోవును. తరతరములు ఆ కొద్ది కుటుంబములలోనే సంతానము కలుగుచుండిన, మేనరికములు ఎక్కువైన ఇంటివలె దాగిన లోపములు బయటపడును.

అయితే రైతు కష్టము కూడ తలంచవలెను. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి ఆంధ్ర తీరపు చెరువులను ఖాళీ చేసి అనేకులను అప్పులపాలు చేసెను. సముద్రమునుండి పట్టిన తల్లులే ఆ వ్యాధిని మోసుకొని రావచ్చును. అందుకే వ్యాధిరహితముగా పెంచిన వనామి తల్లి రొయ్యలను విదేశములనుండి తెచ్చుటకు 2009లో అనుమతి లభించెను. ఎన్నుకొనుట అవసరమే. కాని కొన్నిటిని ఎన్నుకొనుట అనగా మిగిలిన వాటిని విడుచుటయే. విడిచినవి ఎక్కడో బ్రతికియుండవలెను గదా!

అందుచేత మడ అడవిని కాపాడుట, తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకుండు వేట నిషేధమును గౌరవించుట జాలరికి మాత్రమే గాక, చెరువు రైతుకును మేలు. రేపటి రోగమునకు తట్టుకొను రొయ్య ఏదో నేడు ఎవరికి తెలియును? రెల్లుగడ్డి విలువ కూడ ఒకప్పుడు ఎవరికిని తెలియలేదు.