మినిమమ్ డ్యూ కట్టేశాం కదా!

పోయిన రమజాన్‌లో గుంటూరులో మా ఖాలా ఇంట్లో ఇఫ్తార్‌కి కూర్చున్నాం. అజాన్‌కి ఇంకా రెండు నిమిషాలుంది. ఖాలా కొడుకు ఫోన్ ఆగకుండా మోగుతోంది. వాడు దాన్ని బోర్లా తిప్పి మోకాలి కింద పెట్టుకున్నాడు. "ఎవర్రా?" అంటే "ఏదో ఆఫరంట భాయిజాన్" అన్నాడు. తరావీహ్ అయ్యాక మస్జిద్ బయట అసలు సంగతి చెప్పాడు. మూడు కార్డులు, రెండు లక్షల పైచిలుకు బకాయి. బీవీకి తెలీదు. అమ్మీకి అసలే తెలీదు.

వాడేం జల్సారాయుడు కాదు. బట్టల షాపులో పని, పాతికవేల తన్ఖా. చెల్లెలి షాదీకి ఫ్రిజ్, అబ్బా కంటి ఆపరేషన్, ఈద్ బట్టలు, అన్నీ కార్డు మీదే. "మొన్నమొన్నటిదాకా ఒక్క నెల తప్పలేదు భాయిజాన్. మినిమమ్ డ్యూ కడుతూనే ఉన్నా కదా!"

ఆ మాట దగ్గరే నాకు ఫిక్ర్ మొదలైంది. హిసాబ్ చూడండి. యాభై వేలు బకాయి ఉందనుకుందాం. నెలకి 3.5 శాతం సూద్ అంటే 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ, 315. మినిమమ్ 5 శాతం అనుకుంటే మీరు కట్టేది 2,500. అందులో అసలుకి పోయింది 435 రూపాయలు! పైగా పాత బకాయి ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి గడువు ఉండదు, కొన్న రోజు నుంచే సూద్. ఏడాదికి 42 శాతం. మా నానా కాలంలో వీధి వడ్డీ వ్యాపారి కూడా ఇంత అడగడానికి మొహమాటపడేవాడు. 30 శాతం మించితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంటే, ఆ తీర్పును 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

కాబట్టి బకాయి ఎంత అన్నదొక్కటే చూస్తే ముసీబత్ కనపడదు. పోయిన నెల కంటే తగ్గిందా లేదా చూడాలి. బియ్యం, నూనె, పాలు కార్డు మీదకు వచ్చాయంటే తన్ఖా చాలడం లేదని అర్థం. ఒక కార్డు గీకి, నూటికి రెండో మూడో కమీషన్ ఇచ్చి నగదు తెచ్చి ఇంకో కార్డుకి కడుతున్నారంటే అది కట్టడం కాదు, కర్జా ఇల్లు మారడం. వాడు ఏడాదిగా ఆ పనే చేస్తున్నాడు. నన్నడిగితే అన్నిటికంటే ముందు కనపడే నిషానీ మాత్రం ఆ బోర్లా పెట్టిన ఫోనే.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. సూద్ హరామ్ అని చిన్నప్పటి నుంచి విన్నాం. బ్యాంకు లోన్ అంటే తౌబా అంటాం. కార్డుని మాత్రం లోన్ లెక్కలో వేయం. మునిగాక ఏ మొహం పెట్టుకుని చెప్పాలని షరం. ఆ షరంతో ఇంకో ఆరు నెలలు నోరు మూసుకుంటాం, ఆ ఆరు నెలల సూద్ కూడా మనమే కడతాం. పొరపాటు ఒప్పుకున్నవాణ్ణి ఖాందాన్ మధ్య నిలబెట్టి వాజ్ చెప్పే పెద్దలకు కూడా ఇందులో హిస్సా ఉందని నా ఖయాల్. కర్జాలో కూరుకుపోయినవాడు జకాత్ హక్‌దారుల్లో ఒకడని ఖురాన్‌లోనే ఉంది కదా, మనం జకాత్ పంచేటప్పుడు వాడెందుకు గుర్తుకు రాడు?

ఆ రాత్రే వాణ్ణి ఇంటికి తీసుకెళ్లి ఖాలాకి చెప్పించాను. ఆమె కాసేపు ఏడ్చింది, తర్వాత బీరువా తాళం తీసింది. సూద్ లేకుండా బంగారం మీద కర్జా ఇచ్చే బైతుల్ మాల్‌లు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఆమె కంగన్లు అక్కడ పెట్టి, ముందు ఎక్కువ సూద్ ఉన్న కార్డు పూర్తిగా కట్టేశాం. మిగతా రెండూ వాడటం ఆపించి, బ్యాంకుతో మాట్లాడి వాయిదాల్లో పెట్టించాం. సెటిల్‌మెంట్ అంటూ సగానికి తెంచుకోమని ఒకాయన మష్వరా ఇచ్చాడు. అలా తెంచుకుంటే సిబిల్‌లో ఆ ముద్ర పడుతుంది, రేపు ఇంటికో దుకాణానికో అప్పు కావాలంటే అదే అడ్డం. వద్దన్నాను.

ఇక ఆ ఫోన్లు. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని, చుట్టాలను వేధించకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు. వీళ్లు ఖాలాకి కూడా చేశారు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, వివరాలకు 14448. అంతదాకా పోలేదు, పదో రోజుకే ఫోన్లు ఆగాయి. కంగన్లు ఇంకా విడిపించలేదు. నెలకి నాలుగు వేలు కడుతున్నాడు, ఆ రసీదు ఖాలా తన డబ్బాలో దాచుకుంటోంది.