పతకం రాకముందు

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో 2003లో ఓ కూలి కుటుంబానికి ఆడపిల్ల పుట్టింది. తల చిన్నది. పెదవీ ముక్కూ అందరి పిల్లల్లా లేవు. గ్రహణం వేళ పుట్టింది కాబట్టే అలా అయిందన్నారు. కడుపులో బిడ్డ ముఖం రూపు దిద్దుకునేది తొలి పది వారాల్లో; గ్రహణం వేళ పుట్టడానికీ దానికీ ముడి ఎక్కడిది? అయినా పిల్ల పెరిగేకొద్దీ ‘పిచ్చి’ అనీ ‘కోతి’ అనీ పేర్లు తగిలించారు. ఏదైనా అనాథాశ్రమంలో వదిలేయమని అమ్మానాన్నలకు ఉచిత సలహాలిచ్చినవాళ్లలో బంధువులూ ఉన్నారు. ఆ మాటలు పడలేక ఏడుస్తూ వచ్చిన రోజున తల్లి ఇంత తీపన్నం వండిపెట్టేది, ఉన్ననాడు కోడికూర. పిల్లను మాత్రం ఎక్కడికీ పంపలేదు.

ఆ పిల్లే జీవాంజి దీప్తి. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. కష్టకాలంలో అమ్ముకున్న పొలాన్ని అప్పటికే ఆమె బహుమతి డబ్బుతో ఆ ఇంటివాళ్లు తిరిగి కొనుక్కున్నారు. ఇప్పుడు ఆ అమ్మాయి ఊరందరికీ ‘మన దీప్తి’.

ఊరు మారింది, సంతోషం. కానీ ఆ మార్పు గురించి చెప్పుకునేటప్పుడు మనం కథను చివరినుంచి చదువుతున్నాం.

టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం. ఐక్యూ 75కు మించకూడదన్నది అందులోని షరతుల్లో ఒకటి. 400 మీటర్లు కాళ్లతో పాటు లెక్కతోనూ పరుగెత్తాల్సిన పందెం. మొదటి 200లోనే బలమంతా ఖర్చుపెడితే చివరి మలుపు దగ్గర కాళ్లు మొరాయిస్తాయి, దాచుకుంటే ముందువాళ్లు దొరకరు. గీత దాటితే అనర్హత. చెప్పింది గుర్తుంచుకోవడమే కష్టమైన పిల్లకు ఈ లెక్క నేర్పాలంటే ఒకే మాటను వందసార్లు విసుక్కోకుండా చెప్పాలి. కోచ్ నాగపురి రమేశ్ చేసింది అదే. అంతకన్నా ముందు బడిలో ఆమె పరుగును గమనించిన పీఈటీ ఉన్నారు. సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సంస్థలో పరీక్షలు చేయించమని సూచించిన పుల్లెల గోపీచంద్ ఉన్నారు. వీళ్లలో ఎవరూ పతకం చూసి ఆమెను దగ్గరికి తీయలేదు.

ఆటల ప్రపంచం కూడా ఈ పిల్లల విషయంలో ఒకప్పుడు చేతులు దులుపుకుంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో ఏ వైకల్యమూ లేని ఆటగాళ్లతో బాస్కెట్‌బాల్ ఆడించి స్పెయిన్ స్వర్ణం కొట్టేసింది. మోసం బయటపడ్డాక మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లందరికీ పారాలింపిక్స్ తలుపులు మూసేశారు. మళ్లీ తెరిచింది 2012 లండన్‌లోనే. దీప్తి పుట్టేనాటికి ఆమెలాంటి వాళ్లకు ఆ వేదిక మీద చోటే లేదు.

చట్టం మాత్రం పతకం అడగదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. గుర్తింపు పొందిన బడి ఏదైనా వివక్ష లేకుండా ఈ పిల్లల్ని చేర్చుకోవాలంది. నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు అని 92వ సెక్షన్ చెబుతోంది. ‘పిచ్చిది’ అని వేళాకోళం చేసేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. వాళ్లలో పరుగు పందెం గెలిచేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా పిల్లలు సదరం శిబిరం బయట వైకల్య సర్టిఫికెట్ కోసం నిలబడతారు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వెళ్తారు. మామూలు బడిలో చోటు అడిగితే ‘మా దగ్గర కుదరదండి, స్పెషల్ స్కూల్లో చూసుకోండి’ అన్న జవాబు విని వెనక్కి వస్తారు. చేర్చుకున్న చోట కూడా ఆటల పీరియడ్‌లో వీళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి తోటివాళ్ల చెప్పులకూ సంచులకూ కాపలా పెడతారు. పక్క బెంచీలో కూర్చుని, కలిసి అన్నం తిని, ఒకే జట్టులో ఆడిన పిల్లలకు ఆ తేడా నెలరోజుల్లో అలవాటైపోతుంది. అలవాటు కానిది పెద్దలకే.

ప్రభుత్వం దీప్తికి ఇచ్చింది సబబే. దాంతో పాటు చేయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న రిసోర్సు టీచర్ల సంగతి తేల్చాలి. ప్రతి ఉన్నత పాఠశాలలో పీఈటీని నియమించాలి. వచ్చే మండల స్థాయి ఆటల పోటీలకు భవిత పిల్లల పేర్లు కూడా పంపమని ప్రధానోపాధ్యాయులకు ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఇందులో మూడోదానికి పైసా ఖర్చు లేదు.