కనబడని చెక్క

ఈసారి ఛందస్సు కాదు, చెక్క గురించి.

పూర్వం కోస్తాలో నా వద్ద చదువుకొన్న మత్స్యకారుడొకడు మొన్న నాంపల్లి స్టేషనులో దిగి మా ఇంటికి వచ్చినాడు. అతని ఫైబరు పడవకు ఇంజను బిగించే వెనుక పలక (ట్రాన్సమ్ అంటారట) మెత్తబడి, ఇంజను ఊగుతున్నది. పై పొర కోసి చూడగా లోపలి చెక్క తడిసిన అటుకులవలె చేతికి వచ్చిందట. మునుపు బాగుచేసినవాడు మామూలు ప్లైవుడ్డు పెట్టి, పైన నునుపుగా మూసివేసినాడు. నడిసముద్రంలో ఆ పలక ఊడితే నలుగురి ప్రాణాలకు ఆధారమేది?

"ఏ చెక్క వెయ్యమంటారు మాస్టారూ?" అన్నాడు.

"టేకు వెయ్యి నాయనా" అన్నాను. అది నా అజ్ఞానం. ఆదివారం ఆబిడ్సు కాలిబాటపై దొరికిన పాత పడవల పుస్తకం నా కళ్లు తెరిపించింది. టేకులోని నూనె వల్ల రెజిను దానిని గట్టిగా పట్టుకోదు. థర్మోకోలు తేలికే గాని, పాలియెస్టర్ రెజిను తగిలితే కరిగిపోతుంది. మెత్తని ఫోము బోల్టుల బిగింపుకు నలిగిపోతుంది. ఇందుకోసమే చేసే దట్టమైన ఫోము పలకలు కుళ్లవు గాని, ఖరీదెక్కువ. మా వాని శక్తికి తగినది మెరైన్ ప్లైవుడ్డు.

ఇద్దరమూ నాంపల్లిలో దుకాణాలు తిరిగినాము. ప్రతిచోటా ఒకటే మాట: "వాటర్‌ప్రూఫ్ సార్!" జీవితమంతా విశేషణాలు బోధించినవాణ్ణి గనుక చెబుతున్నాను, విశేషణం హామీ కాదు. అడగవలసినది అంకె. ఐ.ఎస్. 303 సాధారణ అవసరాల ప్లైవుడ్డు, ఐ.ఎస్. 710 మెరైన్ ప్లైవుడ్డు. దీని అతుకు 72 గంటలు మరిగే నీటిలో నిలవాలి. పలకపై ఆ ముద్ర ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

అంతమాత్రాన నిశ్చింత లేదు. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగితే మేలైన చెక్క కూడా కుళ్లుతుంది. ప్రతి రంధ్రం లోపలి అంచుకు రెజిను పట్టించిన పిమ్మటనే బోల్టు దించాలి.

నా అభిప్రాయం ఇది: లోపల ఏమి పెట్టినదీ పడవ బాగుచేసేవాడు రసీదుపై వ్రాసి ఇవ్వాలి. కనబడే రంగును కొనేవాడే పరీక్షించుకోగలడు. కనబడని చెక్కకు వ్రాతయే సాక్ష్యం. మా శిష్యునికి కూడా అదే చెప్పి పంపినాను. ఈసారి పలకను మూసేముందు దగ్గర నిలబడి చూస్తానన్నాడు.