ఫ్లూ జ్వరానికి హోమియో గుళికలు.. ఆ రెండు రోజులే కీలకం!

కొత్తపట్నం: ఒళ్లు నొప్పులు, దగ్గు, చలిజ్వరం.. ఒక్కరోజు మంచాన పడితే కూలి పోయినట్లే. సముద్రంలో వేటకు వెళ్లే మత్స్యకారుడికైనా, మిరప కోతకు వెళ్లే కూలీకైనా ఇదే బాధ. ఒంగోలు వెళ్లి డాక్టరుకు చూపించుకోవాలంటే ఇంకో రోజు పోతుంది. అలాంటప్పుడు చీటీ లేకుండా, తక్కువ ధరకు దొరికే హోమియో తీపి గుళికలు అక్కరకొచ్చినట్టే కనిపిస్తాయి. మరి ఇవి నిజంగా పనిచేస్తాయా?

కరోనాతో పెరిగిన పేరు

2020 జనవరి 29న కేంద్ర ఆయుష్ శాఖ కరోనా రాకుండా ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 వాడొచ్చని సూచించింది. పరగడుపున రోజుకో డోసు, మూడు రోజులు. సర్కారే చెప్పాక జనం నమ్మారు. కానీ అప్పటికి ఆ వైరస్ సంగతి బయటపడి నెల రోజులే. దానిపై ఈ మందును పరీక్షించి చూసింది లేదు.

'30' అంటే ఏంటి?

ఒక వంతు మందును 99 వంతుల ద్రావకంలో కలపాలి. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలపాలి. ఇలా 30 సార్లు. 12 సార్లు దాటితేనే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం కష్టమని రసాయన శాస్త్రం లెక్క. పలచన చేసి కుదిపేకొద్దీ శక్తి పెరుగుతుందన్నది హోమియో వైద్యుల వాదన.

ఫ్లూకి విదేశాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఆసిలోకాకినమ్‌పై జరిగిన పరీక్షలను కాక్రేన్ సంస్థ 2015లో మరోసారి సమీక్షించింది. అది ఫ్లూని ఆపుతుందని గానీ, తగ్గిస్తుందని గానీ చెప్పడానికి గట్టి ఆధారాలు లేవని తేల్చింది. ఫ్లూ, టీబీ, మలేరియాలకు హోమియోపై ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది.

మరి చాలామందికి తగ్గిందే?

జలుబు మందేస్తే వారంలో, వేయకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని మనోళ్లు ఊరికే అనలేదు. ఫ్లూ కూడా ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. ఆ క్రెడిట్ గుళికలకు పోతుంది.

అసలు ముప్పు ఆలస్యమే

ఫ్లూకి డాక్టర్లు ఇచ్చే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పైగా డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా మొదట్లో ఫ్లూలాగే ఉంటాయి. డెంగీలో అయితే జ్వరం తగ్గాకే ప్రమాదం ముదరొచ్చు. గుళికలతో తగ్గిందనుకునే రోజే అది.

గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు మొదటి రోజే డాక్టరును కలవాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, ఆగని వాంతులు, విపరీతమైన కడుపునొప్పి, మత్తుగా పడి ఉండటం.. వీటిలో ఏది కనిపించినా ఎవరైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిగతావాళ్లు కూడా రెండు రోజులు దాటినా జ్వరం దిగకపోతే రక్త పరీక్ష చేయించుకోవాలి. ఒకరోజు కూలి పోతుందని ఆగితే, ఆ తర్వాత నెల కూలి ఆసుపత్రికే పోవచ్చు.