ద్వీపాలకు బ్రెయిలీ పుస్తకం ఓడలోనే రావాలా?

బ్రెయిలీలో అచ్చు పుస్తకపు ఒక పేజీ సుమారు మూడు పేజీలవుతుంది, చుక్కలు నిలవడానికి మందపాటి కాగితం కావాలి కనుక ఒక మోస్తరు నవల సైతం రెండు మూడు బరువైన సంపుటాలవుతుంది. ప్రధాన భూభాగంలో ఇది నిల్వకు సంబంధించిన ఇబ్బంది మాత్రమే. చెన్నై, విశాఖపట్నాలకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్న అండమాన్ నికోబార్ దీవుల్లో మాత్రం ఓడ ప్రయాణం, ఏడాదిలో చాలాకాలం వీడని తేమ, ఒకదానిపై ఒకటి పేర్చితే అణిగిపోయే చుక్కలు అన్నీ కలిసి పుస్తకాన్ని పాఠకుడి వేళ్లకు దూరం చేస్తాయి. అంధుల సాహిత్యాన్ని తపాలా శాఖ 7 కిలోల వరకు ఉచితంగా చేరవేసినా, ఆ రాయితీ దూరాన్ని తగ్గించదు.

ఒకే కేంద్రంలో ముద్రించి దేశమంతటికీ పంపే పద్ధతికి ఒకప్పుడు బలమైన కారణం ఉండేది. డెహ్రాడూన్‌లో 1951లో కేంద్రీయ బ్రెయిలీ ముద్రణాలయం ఏర్పడిన కాలంలో లోహపు రేకుపై చుక్కలు పొడిచి, దానితో కాగితాన్ని ఒత్తేవారు; రేకుల ఖర్చు రాబట్టుకోవాలంటే ఎక్కువ ప్రతులు వేయక తప్పేది కాదు. కంప్యూటర్‌కు అనుసంధానమై కాగితంపై నేరుగా చుక్కలు పొడిచే ఎంబాసర్ యంత్రం ఒక్క పాఠకుడి కోసం ఒక్క ప్రతినైనా ఇవ్వగలదు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం పుస్తకాలను డిజిటల్ రూపంలో అందిస్తోంది. 2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ కార్ నికోబార్, గ్రేట్ నికోబార్‌ల వరకు చేరింది. కాబట్టి ప్రయాణించవలసింది ఫైలు, పుస్తకం కాదు. పోర్ట్‌బ్లెయిర్ అనే పేరు మారి శ్రీ విజయపురమైన రాజధానిలోని స్టేట్ లైబ్రరీయే ఈ ముద్రణకు తగిన చోటు.

అయితే యంత్రం కొన్నంత మాత్రాన తెలుగు పుస్తకం తయారవదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుది. భారతీయ భాషలన్నింటికీ ధ్వని ఆధారంగా ఉమ్మడి సంకేతాలు ఏర్పరచిన భారతీ బ్రెయిలీలో గుణింతపు గుర్తు హల్లును అంటిపెట్టుకోదు, దాని తర్వాత విడి గడిగా వస్తుంది. సంయుక్తాక్షరానికి ముందు పొల్లును సూచించే చుక్క వస్తుంది. మూలపాఠం యూనికోడ్‌లో ఉంటే ఈ మార్పిడిని లిబ్‌లూయిస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. చిక్కంతా మూలపాఠంలోనే ఉంది. తెలుగు ప్రచురణ దశాబ్దాలుగా అను వంటి యూనికోడేతర ఫాంట్లపై నడిచింది. వాటిని మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి, పాత పుస్తకాలను స్కాన్ చేస్తే ప, వ ఒకదానికొకటిగా, మ, య ఒకదానికొకటిగా మారతాయి. కంటితో చదివేవారు సందర్భాన్ని బట్టి సర్దుకునే తప్పు వేలితో చదివేవారిని వాక్యం మధ్యలో ఆపేస్తుంది. అందుకే బ్రెయిలీ చదవగల అంధులనే ప్రూఫ్ రీడర్లుగా జీతమిచ్చి నియమించడం ఈ పనిలో యంత్రం కంటే ముందు జరగవలసినది.

స్పర్శ చిత్రాల విషయంలో స్థానిక తయారీ అవసరం మరింత స్పష్టం. నల్లగీతలు వేడికి ఉబ్బే ప్రత్యేక కాగితం, అచ్చుపై ప్లాస్టిక్ పలకను వేడిచేసి గాలి లాగివేసే థర్మోఫార్మ్ పద్ధతి అందుబాటులో ఉన్నాయి. కానీ ఏ గీతను ఉంచాలి, దేన్ని వదలాలి అన్న నిర్ణయం మనిషిదే. ఉత్తర దక్షిణాలుగా 700 కిలోమీటర్లకు పైగా సాగిన ఈ ద్వీపమాలను ఏ4 కాగితంపై ఇమిడిస్తే ఒక్కో మిల్లీమీటరులో సుమారు మూడు కిలోమీటర్లు పడతాయి. బ్రెయిలీ గడిలో చుక్కల మధ్య దూరమే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు. అంతకంటే దగ్గరైన గీతలు వేలికి కలిసిపోతాయి కనుక దక్షిణ అండమాన్‌నూ బారాటాంగ్‌నూ విడదీసే ఇరుకు జలసంధి మాయమై రెండు ద్వీపాలు ఒకటే అనిపిస్తాయి. మొత్తం దీవులకు ఒక పటం, అండమాన్‌కు, నికోబార్‌కు వేర్వేరుగా మరో రెండు, రాజధానికి, రేవుకు ఇంకొకటి చొప్పున శ్రేణిగా రూపొందిస్తేనే అక్కడి అంధ విద్యార్థికి తాను నివసించే చోటు తెలుస్తుంది. దూరాన కూర్చుని దేశపటం గీసేవారు ఈ శ్రమ పడతారని ఆశించలేము.

శ్రవ్య పుస్తకాలు ఉండగా ఇదంతా ఎందుకన్న వాదన వినిపిస్తుంది. వినడం చదువుకు తోడ్పడుతుంది, కానీ వర్ణక్రమం, గణితం, పటం చెవితో పట్టుబడవు.

చట్టం అడ్డుగా లేదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వికలాంగుల వినియోగానికి అనువైన రూపంలో, లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని తయారుచేయడానికి అనుమతిస్తోంది. ఇదే ఉద్దేశంతో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది భారతదేశమే. తెలుగు ప్రచురణకర్తలు ప్రతి కొత్త పుస్తకపు యూనికోడ్ ప్రతిని సుగమ్య పుస్తకాలయకు అందజేయాలి; అండమాన్ పాలనాయంత్రాంగం ఒక ఎంబాసర్‌ను, తెలుగు, బెంగాలీ, తమిళ, హిందీ బ్రెయిలీ తెలిసిన ప్రూఫ్ రీడర్లను స్టేట్ లైబ్రరీకి మంజూరు చేయాలి.