మార్కులు లేని రెండు గంటలు



న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో హైస్కూలు వయసు పిల్లల కోసం ఒక స్టూడియో నడుపుతారు. ఫీజు లేదు. పిల్లలు వస్తారు, రంగులు తీసుకుంటారు, తోచింది చేసుకుని వెళ్తారు. అమెరికా సంగతి మనకెందుకు అంటారేమో. మనకూ విజయవాడలో బాపు పేరు పెట్టుకున్న మ్యూజియం ఉంది. కానీ సింగరాయకొండలో రైలెక్కి ఒంగోలు, చీరాల, తెనాలి దాటి వెళ్లాలి. ఏడాదికోసారి ఎక్స్‌కర్షన్‌కు సరే, శనివారం సాయంత్రం అలా వెళ్లి కూర్చునే చోటు కాదు. ఆ చోటు మన స్కూల్లోనే ఒక గది ఎందుకు కాకూడదు?

చిన్న తరగతుల్లో డ్రాయింగ్ పీరియడ్ ఉంటుంది. ఎనిమిదికి వచ్చేసరికి ఫౌండేషన్ క్లాసు దాన్ని మింగేస్తుంది. అయినా పిల్లలు బొమ్మలు మానరు, నోట్సు చివరి పేజీల్లో వేస్తారు. ఇంగ్లిష్ నోట్సులు దిద్దుతూ రోజూ చూస్తుంటాను: పొగాకు బ్యారన్, పాకల బీచ్‌లో పడవలు, పక్కబెంచీ వాడి ముక్కు. ఒక్కోసారి నా ముక్కు కూడా. ఎలా ఉన్నావని అడిగితే "ఫైన్ మేడమ్" తప్ప ఇంకో మాట రాని పిల్లలే పేజీలకు పేజీలు గీస్తున్నారు, అదీ దొంగచాటుగా.

పోటీలు పెడుతున్నాం కదా అనొచ్చు. పోటీకి వచ్చేది ముందే బాగా వేయగల నలుగురే. బహుమతి రాని పిల్ల "నాకు రాదు" అని అక్కడితో వదిలేస్తుంది.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో ఉన్న కళను గుర్తించింది ఆయనే. ఆ ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. మన పిల్లలంతా దామెర్లలు అవుతారని నేననను. ఎవరైనా గమనించాలంటే ముందు గీసే చోటు ఉండాలి కదా.

చదువు పాడవుతుందనే భయం నాకు అర్థమవుతుంది. మిర్చి రేటు పడిపోయిన ఏడాది కూడా ఫీజు కట్టి పంపుతున్నారు, లెక్క అడిగే హక్కు మీకుంది. అందుకే నేనడిగేది వారానికి రెండు గంటలే. శనివారం స్లిప్ టెస్టు అయ్యాక ఒక గది, కొన్ని చార్టులు, బొగ్గు, రంగులు, పాత పేపర్లు. ఎనిమిది నుంచి పది దాకా ఎవరైనా రావచ్చు, మధ్యలో వెళ్లిపోవచ్చు. హాజరు వేయం, గ్రేడు ఇవ్వం. శనివారాలు అక్కడ కూర్చోవడానికి నేను సిద్ధం.

మీకూ ఒక పని ఉంది. ఇంటికొచ్చాక "ఏం వేశావ్, చూపించు" అనకండి. వాళ్లంతట వాళ్లు చూపిస్తే చూడండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు ఒక్కమాట అడగండి.

టీచర్ ఒక్కరు అడిగేకన్నా మీరు అడిగితే పని త్వరగా అవుతుంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక, ఈ గది సంగతి కూడా ఒకసారి ఎత్తండి.